ఆ 28 రోజులు ఎవరి లెక్కలో?

మొన్న మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకన్న మెసేజ్ పెట్టాడు: "మనం టాక్సులు కడుతుంటే అసైలం వాళ్ళు హోటళ్ళలో ఫ్రీగా తిని పడుకుంటున్నారు." కింద వరసగా లైకులు. నైట్ షిఫ్ట్ దిగి బస్సులో కూర్చుని చదివాను. అన్న మీద కోపం లేదు. మన కష్టం మనది. కానీ ఈ దేశంలో వాళ్ళ లెక్క కూడా ఒకసారి చూద్దాం.

భోజనం పెట్టే హోటల్లో ఉంటే చేతికి వచ్చేది వారానికి పది పౌండ్లలోపే. రెండుసార్లు టౌనుకి వెళ్ళొస్తే అయిపోతాయి. పని చేసుకుందామంటే చెయ్యనివ్వరు. ఏడాది దాటినా కేసు తేలకపోతేనే పర్మిషన్ అడగాలి, అది కూడా కొన్ని ఉద్యోగాలకే.

అసలు కష్టం పేపర్లు వచ్చాక మొదలవుతుంది. కేసు గెలిచినవాళ్ళు గది ఖాళీ చెయ్యడానికి చాలా ఏళ్ళు ఇచ్చిన గడువు 28 రోజులు. 2024 డిసెంబరులో 56కి పెంచి చూశారు, తర్వాత ఒంటరివాళ్ళకి మళ్ళీ 28కే తెచ్చారు. యూనివర్సల్ క్రెడిట్ మొదటి డబ్బు రావడానికి అప్లై చేసినప్పటి నుంచి సుమారు ఐదు వారాలు, అంటే 35 రోజులు. మధ్యలో ఆ వారం ఎక్కడ పడుకోవాలి? ఇంటి అడ్వాన్సు ఎవరిస్తారు?

మా ఊళ్ళో చర్చి శనివారం అన్నం పెడుతుంది. మసీదు కూడా శనివారమే పెడుతుంది. గురుద్వారాలో రోజూ లంగర్ ఉంటుంది. అందరిదీ మంచి మనసే. కానీ శనివారం అన్నం మిగిలిపోతుంది, మంగళవారం కౌన్సిల్ ఆఫీసుకి తోడు వెళ్ళే మనిషి దొరకడు. అందుకే అంటున్నా, ఎవరికి వాళ్ళు చేస్తే సగం వృథా. కూర్చుని పంచుకోవాలి: ఒకరు తిండి, ఒకరు అడ్వాన్సుకి చేబదులు, ఒకరు వ్యాను, ఒకరు భాష.

ఇది కొత్త సంగతేం కాదు. కెన్యాలో సిక్కు కుటుంబంలో పుట్టి ఇక్కడ మెథడిస్టు పాస్టర్ అయిన ఇందర్‌జిత్ భోగల్ లాంటివాళ్ళు 2005లో షెఫీల్డ్‌లో ఇలాగే అందరినీ కలిపారు. 2007లో ఆ ఊరు దేశంలో మొదటి 'సిటీ ఆఫ్ శాంక్చువరీ' అయింది.

మన సంఘం ఏం చెయ్యగలదు? ఉగాదికి, బతుకమ్మకి వందల మందికి వండే చేతులున్నాయి. హైదరాబాద్ వాళ్ళకి ఉర్దూ వచ్చు, పాకిస్తానీలతో, చాలామంది అఫ్గాన్లతో మాట కలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: వీసా, కేసు సలహాలు మాత్రం మనం చెప్పకూడదు. అనుమతి లేకుండా చెప్తే ఇక్కడ నేరం. సొలిసిటర్ దగ్గరికి తోడు వెళ్ళడం మాత్రం మన చేతిలో పనే.

"మనకేం సంబంధం" అంటారా? 2024 ఆగస్టులో రోథర్‌హామ్ దగ్గర అసైలం వాళ్ళున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయారు. మిడిల్స్‌బరోలో కార్లు ఆపి, లోపలున్నది తెల్లవాళ్ళా కాదా అని చూశారు. నీది ఏ వీసా అని ఎవరూ అడగలేదు.

ఇంకో మాట, నా సొంతది. నా స్పాన్సర్ లైసెన్సు పోయి 60 రోజుల లెటర్ వచ్చినప్పుడు నేను తిన్నది లంగర్ రొట్టెలే. పెట్టినాయన నా పేపర్లు అడగలేదు.

వచ్చే మీటింగులో పండగ బడ్జెట్‌తో పాటు ఈ విషయం కూడా పెట్టమని అడుగుదాం. మీ ఊళ్ళో ఎవరు ఏం చేస్తున్నారో కింద రాయండి.