లంగరు మాది, రేవెవరిది?

విశాఖ రేవును మళ్లీ ఊరికి దగ్గర చేస్తారట. నీటి అంచున నడకదారులు, హోటళ్లు, ఓడ దిగే యాత్రికులకు స్వాగత ద్వారాలు. మంచిదే. కానీ రేవుకి దూరమైంది ఎవరు? ఈ ప్రశ్న వేయకుండా ఎవర్ని ఎవరికి దగ్గర చేస్తారు?

ఊరు పుట్టింది పాతబస్తీలో. కోటవీధి, కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, టౌన్ హాలు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఆ రేవు కోసం డాల్ఫిన్స్ నోస్ కింద 'జేనస్', 'వెల్లెడ్సన్' అనే రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. 1970లలో బయటి హార్బరు కూడా వచ్చింది. రేవు పెరిగిన కొద్దీ గోడలూ గేట్లూ రైలు పట్టాలూ పెరిగాయి. ఊరు ఉత్తరానికి నడిచిపోయింది. సముద్రం అంటే రామకృష్ణా బీచి అయింది, ఋషికొండ అయింది. పాతబస్తీకి మిగిలింది రేవు వీపు. లారీలు, ముడి ఇనుము, బొగ్గు ధూళి. ఆ ధూళి మీద పాతబస్తీ మొర నిన్న మొన్నటిది కాదు, దశాబ్దాల నాటిది.

ఊరు ముచ్చటపడే ఆ బీచి కూడా రేవు పుణ్యమే. ఈ తీరాన ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడలు దాన్ని ఆపేస్తాయి. ఆగిన ఇసుకని తవ్వి బీచికి పోస్తేనే బీచి నిలుస్తుంది. బీచికి ఇసుక మోసే ఏర్పాటుంది, పాతబస్తీకి గాలి మోసే ఏర్పాటు లేదు.

రేవు ముఖద్వారం మీద మూడు కొండలున్నాయి. ఒక దాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒక దాని మీద మేరీమాత చర్చి, ఒక దాని మీద హజ్రత్ ఇషాక్ మదీనా దర్గా. ఓడలు రేవులోకొస్తూ దర్గాకి జెండా దించి సలాం చేసేవని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మతసామరస్యం గురించి రాయాల్సి వచ్చినప్పుడల్లా ఈ మూడు కొండల ఫొటో వేస్తారు. కొండ మీది దర్గా ఫొటోలో పడుతుంది. కొండ కింది ముస్లిం పడడు.

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడి, పేపర్లలో తెలుగు రాసి బతికినవాళ్లం. రంజాన్ వస్తే మా చేత హలీం గురించి, మొహర్రం వస్తే పీర్ల గురించి రాయించేవారు. రేవు గురించి రాస్తామంటే "అది బిజినెస్ పేజీ వాళ్లు చూసుకుంటారు" అనేవారు. అంటే మాకు పండగలుంటాయి, పనులుండవన్నమాట!

కానీ రేవు మాటల్ని విప్పి చూడండి. లంగరు, సరంగు ఫార్సీ నుంచి వచ్చాయి. ఖలాసీ, హమాలీ అరబ్బీ నుంచి వచ్చాయి. చుక్కాని అరబ్బుల 'సుక్కాన్'. మచిలీపట్నానికున్న 'బందరు' అనే పేరుకి ఫార్సీలో అర్థమే రేవు. ఈ మాటల్ని తెలుగు జాలరి తనవి చేసుకున్నాడు. మీరెక్కడి నుంచి వచ్చారని లంగరుని ఎవరూ అడగలేదు. మమ్మల్ని మాత్రం అడుగుతూనే ఉన్నారు, 1992 డిసెంబరు తర్వాత మరీ గట్టిగా.

సెక్యులర్ మిత్రులంటారు, ఇది ముస్లింల సమస్య కాదు, అభివృద్ధి సమస్య అని. నిజమే, దుమ్ముకి మతం లేదు. పాతబస్తీలో జాలరి, దళిత క్రైస్తవుడు, ముస్లిం ఒకే గాలి పీలుస్తారు. కానీ అభివృద్ధి బొమ్మ గీసేటప్పుడు ఎవర్ని మనిషిగా గీస్తారు, ఎవర్ని అలంకారంగా గీస్తారు అన్నది అస్తిత్వ సమస్యే. మా పెద్దలూ తక్కువ తినలేదు. ఉర్సుకి నాయకుడు చాదర్ పట్టుకొస్తే మురిసిపోతారు. కొండ దిగి మా వీధిలోకి రమ్మని ఆ నాయకుణ్ణి అడగరు.

2023నే తీసుకోండి. సెప్టెంబరులో విహార ఓడల కోసం విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. నవంబరులో చేపలరేవులో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఒకే తీరం, ఒకే ఏడాది. ఒక ఒడ్డున అతిథి కోసం అద్దాల భవనం, మరో ఒడ్డున కాలిన పడవ ముందు జాలరి.

లండన్ చూసి నేర్చుకుందాం అంటారు. నేర్చుకుందాం. అక్కడ నగరంలోని పాత రేవులు 1981 నాటికి మూతపడ్డాయి. అదే ఏడు ప్రత్యేక సంస్థని పెట్టి ఒడ్డు రూపం మార్చారు. కేనరీ వార్ఫ్ భవనాలు ఆకాశానికి లేచాయి. వాటి పక్కనే టవర్ హామ్లెట్స్ బస్తీల్లో బంగ్లాదేశీ ముస్లింలున్నారు. ఒకప్పుడు బ్రిటిష్ ఓడల కొలిమిలో బొగ్గు వేసిన సిల్హెట్ లష్కర్ల జాతి వాళ్లు. ఒడ్డు మెరిసింది, కానీ బస్తీలో పేదరికం పోలేదు. పైగా అక్కడ రేవు చచ్చిపోయాక ఒడ్డు మార్చారు. విశాఖ రేవు బతికే ఉంది. సరుకు దిగుతూనే ఉంటుంది, దుమ్ము లేస్తూనే ఉంటుంది. దాని సంగతి తేల్చకుండా నడకదారి వేస్తే అది ముక్కు మూసుకుని నడిచే దారే అవుతుంది.

మేం రేవు అభివృద్ధికి అడ్డం కాదు. వరస మార్చమంటున్నాం. ముందు బొగ్గునీ ఖనిజాన్నీ ఇళ్లకి దూరంగా, పూర్తిగా కప్పి ఉంచండి. నీటి దగ్గరకి తెరిచే మొదటి దారి కోటవీధి వైపు నుంచి తెరవండి. కొత్త ఒడ్డు మీద వచ్చే ఉద్యోగాల్లో పాతబస్తీ పిల్లలకి, జాలరి పిల్లలకి చోటివ్వండి. 2022 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష. ఆ ఒడ్డున పెట్టే బోర్డుల మీద తెలుగు పక్కన దాన్నీ రాయండి. బొమ్మ గీయకముందే బస్తీలో కూర్చుని బస్తీ మాట వినండి.

ఊరితో రేవు కలిసిందో లేదో చెప్పాల్సింది ఓడ దిగిన యాత్రికుడు కాదు. పాతబస్తీ ముసలమ్మ సాయంత్రం పూట మనవడి చెయ్యి పట్టుకుని, ఏ గేటు దగ్గరా ఎవరికీ జవాబు చెప్పుకోకుండా నీటి దాకా నడిచి వెళ్లగలగాలి. అప్పుడు ఒప్పుకుంటాం, కలిసిందని.