మీ ఇంటి రేడియో... రైట్ రైట్!

ఓ ఇంటిని ఊహించుకోండి. రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోతే చాలు, పిల్లలంతా తాతయ్య మంచం చుట్టూ చేరిపోతారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. రాజమండ్రి-భద్రాచలం రూట్లో టికెట్టు డబ్బులకు బదులు కోడిపుంజును చేతిలో పెట్టబోయిన పెద్దాయన, మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు మీద పొగమంచు, 1986 గోదావరి వరదలప్పుడు బస్సులోనే తెల్లవార్లూ గడిపిన రాత్రి... ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటాయి ఆయన కబుర్లు.

ఇలాంటి పెద్దాయన మీ ఇంట్లోనూ ఉండొచ్చు. కండక్టరు కాకపోతే కంసాలి. తాతయ్య కాకపోతే, వందమందికి ఒంటిచేత్తో వండిపెట్టిన అమ్మమ్మ. చిక్కల్లా ఒక్కటే. ఆ కబుర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ల గొంతులో మాత్రమే ఉన్నాయి. ఆ ఇంట్లోనే చూడండి, పోయినేడు గంటసేపు ఆగకుండా చెప్పిన తాతయ్య ఈ ఏడు పావుగంటకే ఆయాసపడుతున్నాడు. అది గమనించింది డిగ్రీ చదువుతున్న మనవరాలు. 'తాతయ్యా, నీ కబుర్లతో పాడ్‌కాస్ట్ పెడదాం' అంది.

'పాడు కాస్తా? అంటే ఏంటే?' అన్నాడాయన.

అసలేంటిది?

రేడియోలో కార్యక్రమం ఎప్పుడొస్తే అప్పుడే వినాలి. పాడ్‌కాస్ట్ అలాకాదు. మనకు వీలున్నప్పుడు, వంట చేసుకుంటూనో వాకింగ్‌కి వెళుతూనో వినొచ్చు. నచ్చిన చోట ఆపి, మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. ఆపిల్ కంపెనీ 2001లో తెచ్చిన ఐపాడ్ పేరులోంచి 'పాడ్', బ్రాడ్‌కాస్ట్‌లోంచి 'కాస్ట్' తీసుకుని పుట్టిన మాట ఇది. 2004 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక 'గార్డియన్'లో బెన్ హామర్‌స్లీ అనే జర్నలిస్టు తన వ్యాసంలో వాడాడు. మర్నాడు ఏడాది ఆపిల్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చింది. అదే ఏడాది 'న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ' దీన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంచుకుంది. ఐపాడ్‌ల తయారీ 2022లో ఆగిపోయింది కానీ ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

తెలుగువాళ్లకి చెవితో వినే అలవాటు కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు 'బాలానందం' విని పెరిగిన తరం మనది. కాలిఫోర్నియాలో ఉంటూ 'కౌముది' వెబ్ మాసపత్రిక నడిపే కిరణ్‌ప్రభ టాక్‌షోలు వినేవాళ్లు ఇప్పుడు దేశదేశాల్లో ఉన్నారు. తేడా ఏంటంటే, అప్పట్లో మాట్లాడాలంటే రేడియో స్టేషన్ పిలవాలి. ఇప్పుడు చేతిలో ఫోనుంటే ఇల్లే స్టేషన్!

ఏమేం కావాలి?

పెద్దగా ఏమీ అక్కర్లేదు. స్మార్ట్‌ఫోను, నిశ్శబ్దంగా ఉండే గది చాలు. కాస్త ఖర్చు పెట్టగలిగితే చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకు కొనుక్కోవచ్చు. ఖరీదైన మైకు కన్నా గది ముఖ్యం. ఖాళీ గదిలో గొంతు గోడలకు తగిలి గింగిరాలు తిరుగుతుంది. పరుపు, కర్టెన్లు, బట్టలు నిండిన బీరువా ఉన్న పడగ్గదిలో అయితే ఆ ప్రతిధ్వనిని అవే పీల్చేసుకుంటాయి. ఫ్యాను ఆపాలి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంటే చాలు.

మనవరాలి మొదటి రికార్డింగ్‌లో మూడు కుక్కర్ విజిల్స్, ఓ కూరగాయల బండి కేక, అన్నిటికీ మించి తాతయ్య కొత్త గొంతు! మైకు చూడగానే ఆయన ఆకాశవాణి వార్తలు చదువుతున్నట్టు బిగుసుకుపోయాడు. 'ఆనాడు మేము బస్సునందు ప్రయాణించుచుండగా...' అని మొదలుపెట్టాడు. ఇంట్లో ఒకటే నవ్వులు.

మర్నాడు ఆమె ఉపాయం మార్చింది. ఫోను దిండు పక్కన పెట్టేసి, ఎదురుగా కూర్చుని, 'ఆ కోడిపుంజు సంగతేంటి తాతయ్యా?' అని అడిగింది. అంతే! పెద్దాయన మైకును మర్చిపోయి మనవరాలితో మాట్లాడాడు. ఎవరితో చేసినా సూత్రం ఇదే. మైకుతో కాదు, మనిషితో మాట్లాడించాలి. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు కాకుండా 'తర్వాతేమైంది?' అని అడగాలి. చెప్పేవాళ్లు ఆగినప్పుడు తొందరపడి మాట అందించకూడదు. రెండు క్షణాలు ఓపికపడితే, అసలైన మాట అప్పుడే వస్తుంది.

కత్తిరింపులెలా?

రికార్డు చేసినదంతా అలాగే వదలకూడదు. 2000 సంవత్సరం నుంచీ ఉచితంగా దొరుకుతున్న 'ఆడాసిటీ' సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో వేసుకుంటే దగ్గులు, చెప్పిందే చెప్పడాలు తీసేయొచ్చు. ఓ చిట్కా... మాటలు మొదలయ్యేముందు పది సెకన్లు అందరూ నోరుమూసుకుని, గది నిశ్శబ్దాన్నే రికార్డు చేయండి. ఆ ముక్కను నమూనాగా చూపిస్తే, వెనకాల ఉండే సన్నటి హోరును సాఫ్ట్‌వేరే తగ్గిస్తుంది. అయితే మరీ ఎక్కువగా తగ్గిస్తే గొంతు రేకుడబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

పూర్తయిన ఫైలును ఎంపీ3గా దాచుకోవాలి. 128 కేబీపీఎస్‌లో పెట్టుకుంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ అవుతుంది. అంటే పావుగంట ఎపిసోడ్ పదిహేను ఎంబీలకు మించదు. కత్తిరించకముందు ఉన్న అసలు రికార్డింగ్‌ను మాత్రం తుడిచేయొద్దు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

బండి కదిలేదిలా...

ఇప్పుడు ప్రపంచానికి వినిపించాలి. ఎంపీ3 ఫైలును నెట్‌లో ఒకచోట భద్రంగా ఉంచే ఏర్పాటును 'హోస్టింగ్' అంటారు. 'స్పాటిఫై ఫర్ క్రియేటర్స్'లో ఇది ఉచితం. ఒకప్పుడు 'యాంకర్' పేరుతో ఉన్న ఈ సేవను స్పాటిఫై 2019లో కొనుక్కుంది. మన దేశంలోకి స్పాటిఫై వచ్చిందీ అదే ఏడాది.

ముందు ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. దీనికి ఇంట్లో వాడుకునే ఈమెయిల్ కాకుండా కొత్తది పెట్టుకోవడం మంచిది. కొన్నిసార్లు ఆ చిరునామా అందరికీ కనిపించే వీలుంది. తర్వాత కార్యక్రమానికి పేరు, నాలుగు వాక్యాల పరిచయం, ఏ కోవకు చెందుతుందో, ఏ భాషో నింపాలి. పరిచయంలో పేరును తెలుగులోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాస్తే వెతికేవాళ్లకి తేలిగ్గా దొరుకుతుంది. ముఖచిత్రం నలుచదరంగా ఉండాలి. ఆపిల్ నియమాల ప్రకారం కనీసం 1400, గరిష్ఠంగా 3000 పిక్సెళ్ల కొలత. ఫోన్లో అది తపాలా బిళ్లంత కనిపిస్తుంది కాబట్టి అక్షరాలు తక్కువగా, పెద్దవిగా ఉండాలి. ఆ తర్వాత ఎపిసోడ్ ఎక్కించి, శీర్షిక పెట్టి, పబ్లిష్ నొక్కడమే.

స్పాటిఫై వాడనివాళ్లూ ఉంటారుగా? వాళ్లకోసమే 'ఆరెస్సెస్ ఫీడ్' అనే చిరునామా. అది బస్టాండులో టైమ్‌టేబుల్ బోర్డు లాంటిది. ఏ ఎపిసోడ్ ఎప్పుడొచ్చింది, ఫైలు ఎక్కడుంది అన్నదంతా అందులో ఉంటుంది. ఆ చిరునామాను ఆపిల్ వాళ్ల 'పాడ్‌కాస్ట్స్ కనెక్ట్'లో ఒకసారి ఇస్తే, పరిశీలించి తమ జాబితాలో చేర్చుకుంటారు. యూట్యూబ్‌కీ ఇవ్వొచ్చు. ఆ తర్వాత మీరు కొత్త ఎపిసోడ్ పెట్టిన ప్రతిసారీ అన్నిచోట్లా అదే కనిపిస్తుంది. ఒక్కోచోటా విడివిడిగా ఎక్కించే పనుండదు.

పాట పెట్టొచ్చా?

మనవరాలి తమ్ముడు మొదట్లో ఓ సినిమా పాట ముక్క పెడదామన్నాడు. 'పది సెకన్లలోపు ఏం కాదక్కా' అన్నాడు. చాలామందిలో ఉన్న అపోహ ఇది. ఇన్ని సెకన్లు వాడుకోవచ్చన్న నియమం మన కాపీరైటు చట్టంలో లేదు. పాట హక్కుదారులు అభ్యంతరం చెబితే ఎపిసోడే పోతుంది. కథలు చదివి వినిపించాలన్నా అంతే. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లదాకా హక్కులు ఉంటాయి. 1915లో మరణించిన గురజాడ కథలు ఎవరైనా చదవొచ్చు. 1979లో మరణించిన చలం, 1980లో మరణించిన కొడవటిగంటి కుటుంబరావు కథలకు మాత్రం అనుమతి తీసుకోవాలి.

చివరికి వాళ్లింటి పాడ్‌కాస్ట్‌కి సంగీతం దొరికింది. తాతయ్య పాత ట్రంకుపెట్టెలోంచి విజిల్ తీసి ఊదాడు. 'రైట్... రైట్!' అని ఓ కేక వేశాడు. ఏ సినిమా పాట ఇస్తుంది ఆ అందం?

అన్నీ చెప్పేయాలా?

అంతా సాఫీగా సాగుతుండగా నాలుగో ఎపిసోడ్ దగ్గర బ్రేకు పడింది. అందులో తాతయ్య ఓ అమ్మాయి సంగతి చెప్పాడు. ఇంట్లోంచి పారిపోయి అర్ధరాత్రి బస్సెక్కిన పిల్లను, తన జేబులోంచి టికెట్టు కొట్టి, తెల్లారాక నచ్చజెప్పి వాళ్ల మేనత్త ఇంట్లో దిగబెట్టిన కథ. రికార్డు చేస్తున్న మనవరాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నిటికంటే మంచి ఎపిసోడ్ ఇదేననుకుంది.

వింటున్న నానమ్మ అడ్డుపడింది. 'ఊరి పేరు, వాళ్ల మేనత్త పేరు చెప్పేశారు. ఆ పిల్లకిప్పుడు మనవలుంటారు. ఈ వయసులో ఆవిడ పరువు బజారున పెడతారా?' అంది. తాతయ్య కాసేపు మాట్లాడలేదు. 'నిజమేనే... అది నా కథ కాదు. ఆవిడది' అన్నాడు.

పేర్లు తీసేద్దామని మనవరాలు బతిమాలింది. చిన్న ఊళ్లో పేరు లేకపోయినా పోల్చుకుంటారన్నాడాయన. ఆ ఎపిసోడ్ బయటికి వెళ్లలేదు. కానీ చెరిపేయనూ లేదు. పెన్‌డ్రైవ్‌లో, ఇంటివాళ్ల కోసం ఉండిపోయింది.

పాడ్‌కాస్ట్ పెట్టేవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. రికార్డు చేయడం వేరు, ప్రచురించడం వేరు. మొదటిది ఎంతైనా చేయొచ్చు. రెండోదానికి మాత్రం ఆలోచించాలి. నెట్‌లోకి వెళ్లిన గొంతును ఎవరైనా దాచుకోవచ్చు. మనం తీసేసినా వాళ్ల దగ్గర ఉండిపోతుంది. చెప్పినవాళ్లకి ముందు వినిపించి, సరేనన్నాకే పెట్టాలి. పుట్టినతేదీ, ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు, పిల్లల బడి పేరు వంటివి మాటల్లో దొర్లితే కత్తిరించాలి. కాసిని మాటలు దొరికితే చాలు, అదే గొంతుతో మాట్లాడించే కృత్రిమమేధ వచ్చేసిన రోజులివి. 'తాతయ్యను మాట్లాడుతున్నా, డబ్బు పంపు' అని ఫోనొస్తే తిరిగి ఆయన నంబరుకే ఫోన్ చేసి కనుక్కోవాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

దాచుకోవడమూ ముఖ్యమే. గూగుల్ అంతటి సంస్థ నడిపిన 'గూగుల్ పాడ్‌కాస్ట్స్' 2024లో మూతపడింది. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. అసలు రికార్డింగ్‌లు ఒకటి కంప్యూటర్లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో, మరొకటి వేరే ఊళ్లో ఉండే బంధువుల దగ్గర ఉంటే దిగులుండదు.

ఎంతమంది వింటారు?

పాడ్‌కాస్ట్ పెట్టగానే వేలమంది వింటారనీ, డబ్బులు వస్తాయనీ అనుకుంటే నిరాశే. ఇంట్లో చేసుకునేవాటికి మొదట్లో చుట్టాలు, స్నేహితులే శ్రోతలు. నాలుగైదు ఎపిసోడ్లు చేసి మానేసేవాళ్లు బోలెడుమంది. అందుకే మొదటిది విడుదల చేసేనాటికే మూడు సిద్ధంగా ఉంచుకోండి. వారానికోసారి కుదరకపోతే నెలకోసారి చాలు. చెప్పిన రోజుకు మాత్రం రావాలి.

మూడు ఎపిసోడ్లయ్యాక తాతయ్య అడిగాడు. 'ఎంతమంది విన్నారే?'

'ఇరవై ముగ్గురు' అంది మనవరాలు బెరుగ్గా. ఇక చాలంటాడేమోనని ఆమె భయం.

ఆయన చిన్నబోలేదు. విజిల్ అందుకుని చొక్కాకు తుడుచుకున్నాడు.

'ఖాళీగా ఉందని బండి టైముకి తియ్యకుండా ఉంటామా? తర్వాతి స్టేజీలో ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఫ్యాను ఆపు... రైట్ రైట్!'