గెలిచింది మీ తెలివా, చీటీ తెలివా?

క్రికెట్ మ్యాచ్ మొదలయ్యే ముందు రెండు జట్లలోని 22 మందిలోంచి 11 మందిని ఏరి, కాగితం మీద ఓ ఊహా జట్టు తయారుచేసే ఆట మీకు తెలిసే ఉంటుంది. మీరు ఎంచుకున్నవాళ్ళు నిజం మ్యాచ్‌లో కొట్టిన ప్రతి పరుగుకూ, తీసిన ప్రతి వికెట్‌కూ మీకు మార్కులు వస్తాయి. దీన్నే ఫాంటసీ క్రికెట్ అంటారు. సికింద్రాబాద్‌లో ఏ బస్తీలో అడిగినా "నేను చెప్పినవాడే సెంచరీ కొట్టాడు" అనే నిపుణుడు ఒకడు దొరుకుతాడు. అతను చెప్పినా కొట్టనివాళ్ళ పేర్లు మాత్రం అతనికి గుర్తుండవు.

అందుకే ఈ ఆట ఆడేవాళ్ళు నోటితో ఆడకూడదు, నోటుబుక్కుతో ఆడాలి అంటాను.

22 మందిలోంచి 11 మందిని ఎన్ని విధాలుగా ఏరవచ్చు? 7,05,432 విధాలుగా. మార్కులు రెట్టింపయ్యే కెప్టెన్‌నూ, వైస్ కెప్టెన్‌నూ కూడా ఎంచుకోవాలంటే ఆ సంఖ్య 7,75,97,520కి పెరుగుతుంది. ఇన్నిటిలో మీరు ఎంచుకున్నది ఒక్కటి. అది బాగా ఆడితే మీకు క్రికెట్ తెలిసినట్టా, లేక తగిలిందా? ఒక్క మ్యాచ్ చూసి ఎవరూ చెప్పలేరు.

2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ సంగతి చూడండి. మార్చి 23న ఉప్పల్‌లో 286 పరుగులు కొట్టింది. ఇషాన్ కిషన్ 106 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు. మర్నాడు అతన్ని తమ జట్టులో పెట్టుకోవాలనుకోనివాళ్ళు ఎవరుంటారు? తర్వాతి నాలుగు మ్యాచ్‌లలో అతను చేసినవి 0, 2, 2, 17. జట్టు నాలుగూ ఓడిపోయింది. అదే జట్టులోని అభిషేక్ శర్మ మొదటి ఐదు మ్యాచ్‌లలో 24, 6, 1, 2, 18 చేశాడు. మొత్తం 51. "వీడి పని అయిపోయింది" అని కొట్టేసినవాళ్ళు ఎందరో! ఏప్రిల్ 12న అతను పంజాబ్ మీద 55 బంతుల్లో 141 బాదాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. ఆటగాడి అసలు సామర్థ్యం రోజురోజుకీ పెద్దగా మారదు. దాని మీద ఆ రోజు పిచ్, అవతలి బౌలర్, అంచుకు తగిలి ఫీల్డర్‌ను తప్పించుకున్న బంతి వచ్చి కలుస్తాయి. చాలా ఎక్కువ స్కోరులో సామర్థ్యంతోపాటు అదృష్టం కూడా ఎక్కువే ఉంటుంది. అదృష్టం మర్నాడు కూడా వెంట రావాలని లేదు. కాబట్టి గొప్ప స్కోరు తర్వాత వచ్చేది సాధారణంగా అంతకన్నా తక్కువే అవుతుంది. మరీ చిన్న స్కోర్ల తర్వాత వచ్చేది పెద్దదవుతుంది. గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్ళడం అంటారు. నిన్నటి హీరోను గుడ్డిగా పెట్టుకునేవాళ్ళు దీన్ని మరిచిపోతారు.

మరి మీ తెలివిని పరీక్షించేది ఎలా? మీకు పోటీగా చీటీని పెట్టుకోండి. బ్యాట్స్‌మన్ల పేర్లు ఒక డబ్బాలో, బౌలర్ల పేర్లు ఇంకో డబ్బాలో వేయండి. మీ జట్టులో ఎందరు బ్యాట్స్‌మన్లు, ఎందరు బౌలర్లు ఉన్నారో అన్నే చీటీలు కళ్ళు మూసుకుని తీయండి. అది చీటీ జట్టు. మ్యాచ్ అయ్యాక రెండింటి మార్కులూ పక్కపక్కనే రాయండి. మందు పనిచేసిందా లేదా అని తేల్చడానికి కొందరు రోగులకు మందు లేని మాత్ర ఇచ్చి పోల్చి చూస్తారు కదా, ఇదీ అలాంటిదే.

పది మ్యాచ్‌లలో ఏడు మీరు గెలిచారనుకోండి. సంబరపడకండి. బొమ్మా బొరుసూ పది సార్లు వేస్తే ఏడు లేక అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 1024లో 176. అంటే 48 మంది ఉన్న తరగతిలో దాదాపు 8 మంది ఏ తెలివీ లేకుండానే అలా గెలుస్తారు. నమ్మకం కుదరకపోతే రేపు తరగతిలో నాణేలతో చేసి చూడండి. అదే 60 మ్యాచ్‌లలో 40 గెలిస్తే మాత్రం కథ వేరు. ఉత్త అదృష్టంతో అన్ని గెలవడం నూటికి ఒకరికి కూడా సాధ్యం కాదు. 2025 ఐపీఎల్‌లో 74 మ్యాచ్‌లు ఉన్నాయి. కాబట్టి ఓపిక ఉంటే ఒక్క సీజన్ చాలు.

ఇక్కడే డబ్బు మాట చెప్పాలి. ఈ ఆటలో నైపుణ్యం ఉందని 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు తీర్పు చెప్పింది. ఉందనుకుందాం. ఆటలో నైపుణ్యం ఉండటం వేరు, అది మీలో ఉండటం వేరు. పది మంది తలా 50 రూపాయలు వేశారనుకోండి. నిర్వాహకుడు 75 తీసుకుని మిగిలిన 425 పంచుతాడు. పది మందీ సమానంగా తెలివైనవాళ్ళయితే సగటున ఒక్కొక్కరికి ఏడున్నర రూపాయలు పోతాయి. ఎంత ఎక్కువ ఆడితే అంత పోతుంది. పోయింది రాబట్టుకోవాలని ఇంకా ఆడేవాళ్ళు అప్పుల్లో పడతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ అలాంటి చట్టం చేసింది. అది మంచి పని అని నా అభిప్రాయం. నోటుబుక్కు ఆటకు రూపాయి అక్కరలేదు, దాన్ని ఏ చట్టమూ ఆపదు.

నోటుబుక్కులో ఏం రాయాలి? తేదీ, మైదానం, పదకొండు పేర్లు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ప్రతి పేరు పక్కన "ఎందుకు" అనే గడి. దాన్ని మ్యాచ్‌కు ముందే నింపాలి. తర్వాత రాస్తే మనసు ఫలితానికి తగ్గ కారణాన్ని అల్లేస్తుంది. ఓడిన రోజు పేజీ చింపకూడదు.

దీనికి ఉదాహరణ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. రొనాల్డ్ రాస్ ఇక్కడ 1895లో దోమలను కోసి, మలేరియా క్రిమి కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఎన్ని కోసినా ఫలితం లేదు. అయితే ఏ రకం దోమను చూశాడో రాసుకుంటూ వచ్చాడు. 1897 ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమ పొట్టగోడలో కొత్త కణాలు కనిపించాయి. దొరకని రోజుల లెక్క కూడా దగ్గరుంది కనుకనే, తేడా దోమ రకంలో ఉందని గుర్తుపట్టగలిగాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. వీలైతే చూసి రండి.

నలభై మ్యాచ్‌లయ్యాక "ఎందుకు" గడులను రకాలుగా విడదీయండి. "ఫామ్‌లో ఉన్నాడు" అని పెట్టుకున్నవాళ్ళ సగటు ఎంత? "ఈ పిచ్ మీద స్పిన్ తిరుగుతుంది" అని పెట్టుకున్నవాళ్ళది ఎంత? ఏదో ఒకటి పైన కనిపిస్తుంది. మంగళవారాలు మీకు కలిసివచ్చినట్టు కూడా కనిపించవచ్చు! వెంటనే నమ్మకండి. పాత లెక్కలో పుట్టిన అనుమానాన్ని అదే లెక్కతో రుజువు చేయలేం. దాన్ని కొత్త పేజీలో రాసి, తర్వాతి 20 మ్యాచ్‌లలో పరీక్షించండి. మంగళవారం నిలబడుతుందని నేననుకోను. స్పిన్ సంగతి మీ పుస్తకమే చెప్పాలి.