సమాజమును చదువుట

లోకమునందలి అసమానతను చూచి జాలిపడువారు పెక్కుమంది కలరు. అది యేల కలిగినదని ప్రశ్నించువారు మాత్రము కొలదిమందియే. జాలి ఒక పూట అన్నము పెట్టగలదు. మరునాటి ఆకలిని ఆపజాలదు. ఆ ఆకలికి కారణమును వెదకవలెనన్నచో సమాజమును శ్రద్ధతో పరిశీలింపవలెను. అట్టి పరిశీలనమునకు దారి చూపునది సమాజశాస్త్రము. బొంబాయి విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు 1919లో ప్రత్యేకశాఖ ఏర్పడెను.

"పల్లెలో పుట్టినవానికి పల్లెను గూర్చి పుస్తకము చెప్పవలెనా?" అని కొందరందురు. ఈ మాట సమంజసముగా తోచును గాని నిలువదు. చిన్ననాటినుండి చూచుచున్న దానిని మనుష్యుడు ప్రశ్నింపడు. ఊరిబావిలో కొందరు నీరు తోడుకొనుటయు, కొందరు దూరముగా నిలిచి ఎదురుచూచుటయు అతనికి సూర్యోదయమువలె సహజముగా కన్పట్టును. అది ప్రకృతి నియమము కాదనియు, మనుష్యులు కల్పించుకొన్న కట్టుబాటే యనియు తెలియజేయుట ఈ శాస్త్రము చేయు మొదటి మేలు.

అంబేద్కరు జీవితమే ఇందులకు నిదర్శనము. అంటరానితనపు అవమానమును ఆయన బాల్యముననే చవిచూచెను. అనుభవమునకు ఆయనకు కొరత లేదు. ఐనను 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, అర్థశాస్త్రముతోపాటు సమాజశాస్త్రము, మానవశాస్త్రము మున్నగువానిని అభ్యసించెను. 1916లో కులముల పుట్టుకను గూర్చి అచ్చట ఒక వ్యాసము చదివెను. తమలో తామే వివాహమాడవలెనను కట్టుబాటే కులమునకు ఆయువుపట్టని అందు వాదించెను. తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు ఆయనయే అధ్యక్షుడయ్యెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగమునందలి 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది.

తెలంగాణమునను ఒక నిదర్శనము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన శ్యామాచరణ దూబే, హైదరాబాదునకు చేరువలోనున్న శామీర్‌పేట గ్రామమును పరిశోధించెను. ఏ కులమువారికి ఏ వృత్తి, ఎవరు ఎవరితో భుజింతురు, కుటుంబములందు ఎవరి మాట చెల్లును అను విషయములను పరిశీలించిరి. వైద్యము, వ్యవసాయము మున్నగు శాఖలవారును ఆ పనిలో పాలుగొనిరి. దాని ఫలితము 1955లో ఆంగ్లమున గ్రంథరూపమున వెలువడెను.

శాస్త్రము తనంతట తాను అసమానతను తొలగింపదు. చట్టమును ఒంటరిగా తొలగింపజాలదు. వ్రాసిన చట్టము ఊరిబావివరకు నడువవలెనన్నచో దానిని నడిపించు మనుష్యులు కావలెను. విషయము తెలిసికొనక సేవకు పూనుకొన్నవాడు శ్రమపడియు దారితప్పవచ్చును. తెలిసికొనియు ఊరకున్నవాడు చదివియు చదువనివాడే. కావున విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రము నెన్నుకొను విద్యార్థి, పట్టముతోపాటు ఒక బాధ్యతను గూడ స్వీకరించుచున్నాడని గ్రహింపవలెను.