కొమ్మ ఎక్కడిది?

శామీర్‌పేట చెరువు దాటి, రాజీవ్ రహదారి వదిలేసి కాస్త లోపలికి వెళ్తే మా మిత్రుడి ఫార్మ్‌హౌస్. పోయిన ఎండాకాలం ఒక శనివారం రాత్రి అక్కడ కూచుని ఉన్నాం. నలుగురం ఇంజనీర్లం, నలుగురమూ ఏదో ఒకటి రాసేవాళ్ళమే. ఒకడు ఫోన్లో వీడియో చూపించాడు. అమెరికాలో ఎవరో ఒకే గంజాయి తల్లిమొక్కకి ఆరు రకాలు అంటుకట్టాడు. కొమ్మకో రంగు ట్యాగు. "డైవర్సిటీ అంటే ఇదిరా. ఒకే కాండం, ఆరు గొంతులు. మన సాహిత్యం ఇలా ఉండాలి" అన్నాడు. అందరూ ఔనన్నారు. నేనూ తలూపాను. ఇంటికొచ్చాక ఆ తలూపినందుకే నామీద నాకు కోపం వచ్చింది.

ముందు అసలు అంటు అంటే ఏమిటో చూద్దాం. అంటు కట్టడం అంటే కలపడం కాదు. కింది మొక్కనీ, తెచ్చిన కొమ్మనీ కోసి, బెరడు కింద ఉండే పచ్చి పొరలు రెండూ ఒకదానికొకటి ఆనేలా బిగించి కడితే అతుక్కుంటాయి. ఆ తర్వాత నీళ్ళు ఒకే వేరు నుంచి వస్తాయి. కానీ ఏ కొమ్మ జన్యువులు ఆ కొమ్మవే. పక్కన హిమాయత్ ఉన్నంత మాత్రాన బంగినపల్లి కొమ్మ రుచి మార్చుకోదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది మెర్జ్ కాదు, ఒకే సర్వర్ మీద నడుస్తున్న ఆరు వేర్వేరు ప్రోగ్రాములు. కొత్త రకం పుట్టాలంటే పుప్పొడి కలవాలి, గింజ మొలవాలి, ఎవరో ఏళ్ళ తరబడి మంచివాటిని ఏరి నిలబెట్టాలి. అంటుకట్టేవాడు వచ్చేది ఆ పనంతా అయ్యాక. అతను దాచగలడు, పెంచగలడు, పంచగలడు. అది చిన్న పనేం కాదు. కానీ సృష్టి అనే కిరీటం అతనికి పెడితే, ఏరి నిలబెట్టినవాడి నెత్తి మీద నుంచి లాక్కున్నట్టే.

నేను అంటుకి శత్రువుని కాను. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్ళు తినేస్తుంటే, అమెరికా ద్రాక్ష వేళ్ళ మీద అంటుకట్టే ఆ తోటల్ని నిలబెట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాద్‌లో హాజీ కలీముల్లా ఖాన్ ఒకే మామిడి చెట్టుకి 300కి పైగా రకాలు కట్టారు, 2008లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన ముందు చేతులు జోడిస్తాను. మామిడి ఆయన బతుకు, వీకెండు కాదు.

మరి గంజాయి తల్లిమొక్కకి ఈ ఆరు కొమ్మల సరదా ఎందుకొచ్చింది? ఒక కారణం చోటు. పది కుండీల బదులు ఒకటి చాలు. రెండోది చట్టం. కెనడా 2018లో గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చంది. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళకి తలా 3 మొక్కలు అనుమతించింది. చట్టం లెక్కపెట్టేది మొక్కల్ని, కొమ్మల్ని కాదు. కాబట్టి ఒక మొక్కకే అన్ని రకాలూ ఎక్కించుకుంటారు. తెలివైన ఉపాయమే, కాదనను. కానీ లెక్కకి చిక్కకుండా ఉండే ఉపాయాన్ని వైవిధ్య సిద్ధాంతం అని మనకి అమ్మకండి. పైగా ఆ వైవిధ్యం ఎంత గట్టిదో చూడండి. వేరు కుళ్ళితే ఆరూ పోతాయి. ఒక కొమ్మతో హాప్ లేటెంట్ వైరాయిడ్ లాంటి తెగులు వస్తే మొక్కంతా పాకుతుంది. ఆ తల్లి నుంచి కోసిన ప్రతి పిలకతో పాటు బయటికీ వెళ్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మొక్కల్ని లెక్కపెట్టి వదిలెయ్యదు. అనుమతి లేకుండా గంజాయి సాగు చేస్తే 10 ఏళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు మించి దొరికితే కనీసం పదేళ్ళు. సీలేరు, చింతపల్లి, మల్కన్‌గిరి కొండల సరుకు మహారాష్ట్ర వైపు వెళ్తూ హైదరాబాద్ శివార్లలో పట్టుబడిందన్న వార్త మనకి కొత్త కాదు. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు హైవే నాగపూర్ రోడ్డే కదా. ఆ వార్తల్లో ఫోటో చూశారా? ముందు వరసలో ప్యాకెట్లు, వెనక ముసుగులేసిన మనుషులు. సాధారణంగా వాళ్ళు డ్రైవర్లూ మోసేవాళ్ళూ. ఆ కొండల రకానికి శీలావతి అని పేరుంది. దాన్ని ఏ చేతులు ఏరి నిలబెట్టాయో ఏ ట్యాగు మీదా లేదు. వీడియోలో మావాడు మురిసిపోయిన కుష్ అన్న పేరు కూడా హిందూకుష్ కొండలదే. ఆ కొండల రైతూ ట్యాగు మీద లేడు. నేను గంజాయి పండించమని చెప్పట్లేదు. ఒక మొక్కని అక్కడ కళ అనీ, ఇక్కడ నేరం అనీ ఒకే నోటితో అనేటప్పుడు, ఆ రెంటి మధ్య జైల్లో కూచున్నవాడు ఎవరో ఒక్కసారి అడగమంటున్నాను.

ఆ వీడియో ఇంకొకరికి కూడా చూపించాను. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలకి పేరు. తర్వాత థామ్సన్ వచ్చింది. టెక్సాస్ నుంచి వచ్చిన డాగ్‌రిడ్జ్ వేరు మీద దాన్ని అంటుకట్టడం వచ్చింది. మేడ్చల్ వైపు అలాంటి తోటల్లో వయసంతా అంటుకట్టిన ఒక పెద్దాయన ఇప్పుడు మా మిత్రుడి పక్క ప్లాట్‌లో లాన్ కత్తిరిస్తున్నాడు. తోట పోయింది, వెంచర్ వచ్చింది. వీడియో చూసి నవ్వాడు.

"గిదేంది సారూ, ఒక్క బొక్కెనకు గింతమందా? బలమున్న కొమ్మ నీళ్ళన్నీ గుంజుకుంటది. మిగిలినయ్ ఎండుతయ్. దినాం దాన్ని కత్తిరిచ్చుకుంట కూసోవాలె."

అంటు కట్టేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటి తాతా అనడిగాను. కత్తి పదును అంటాడనుకున్నాను.

"కొమ్మ ఏడికెల్లి తెచ్చినవో యాద్ పెట్టుకోవాలె. లేకుంటే కాసినంక లడాయే."

మన సాహిత్యం సంగతి ఇక నేను వేరే చెప్పాలా? సంకలనం వేస్తాం. ఉత్తరాంధ్ర ఒకటి, సీమ ఒకటి, తెలంగాణ రెండు, ఒక దళిత కథ, ఒక ముస్లిం కథ, దొరికితే ఒక ఆదివాసీ కథ. వేరు మాత్రం మనదే. ఎంపిక మనది, ముందుమాట మనది, సభలో మైకు మనది. ఏ కొమ్మ ఎంత పెరగాలో కత్తెర పట్టుకున్నవాడు చెప్తాడు. అలాంటి పుస్తకాలకి 'బహుస్వరం' అని సమీక్షలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంటు అన్న మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి. చెట్టు దగ్గర అది అతుకు, మనిషి దగ్గర మైల. చెట్టుని చూసి మురిసేవాళ్ళం రెండో అర్థాన్ని అంత తేలిగ్గా మర్చిపోకూడదు.

వైవిధ్యం కావాలంటే ఆరు కొమ్మలు తెచ్చి మన కాండానికి కట్టుకోవడం కాదు, ఆ ఆరు చెట్లూ తమ నేలలో బతికేలా చూడటం. అది మన చేతిలో లేదంటారా? అయితే కనీసం ట్యాగు మీద నిజం రాయండి. కొమ్మ ఏ ఊరిది, ఎవరు ఏరి పెంచారు, ఎవరు కోసిచ్చారు, వాళ్ళకి ఏం దక్కింది. మొన్న మా మిత్రుడు నర్సరీ నుంచి ఒకే చెట్టుకి ఐదు రకాలున్న మామిడి తెచ్చి నాటాడు. ఏమేం రకాలని అడిగాను. బిల్లు వెతికి చెప్తానన్నాడు.