తీసేసే ముందు పేరు అడగండి

ఈ సంగతి రాయొచ్చా, కూడదా అని రెండు రోజులు ఆలోచించాను. దాచుకోబట్టే గదా మనకీ తిప్పలు అనిపించి కలం పట్టాను.

మా తోడికోడలికి నలభై రెండేళ్ళు. బహిష్టు వచ్చిందంటే ఎనిమిది రోజులు. మొదటి మూడు రోజులూ గంటకో ప్యాడ్ తడిసిపోయేది, గడ్డలు గడ్డలుగా పడేది. కడుపునొప్పితో మంచం దిగేది కాదు. "ఈ వయసులో అందరికీ అంతేలే" అన్నారు మా అత్తగారు. నేనూ అన్నాను, తప్పు ఒప్పుకుంటున్నా. ఒకనాడు పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ చూస్తే 7! ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలి.

ఒక ఆసుపత్రిలో చూసి "గర్భసంచి వాచింది, తీసేద్దాం" అన్నారు. ఏం జబ్బని అడిగితే జవాబు లేదు. మనసొప్పక వెంకటాచలంలో బస్సెక్కి నెల్లూరులో ఇంకో డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ కింది నుంచి చేసే స్కానింగ్ తీసి పేరు చెప్పింది: ఎడినోమయోసిస్.

గర్భసంచి లోపల నెలనెలా ఊడిపోయే మెత్తటి పొర ఉంటుంది గదా, అలాంటిదే గర్భసంచి కండరంలోకి, గోడకి చెమ్మ ఎక్కినట్టు, దిగిపోతుందట. దాంతో సంచి ఉబ్బుతుంది, నొప్పి, రక్తస్రావం ఎక్కువవుతాయి. ఇది కాన్సరు కాదు.

ఒకప్పుడు గర్భసంచి తీసి మైక్రోస్కోపు కింద పెడితేగాని ఈ జబ్బు ఖాయంగా తెలిసేది కాదు. ఇప్పుడు ఆ స్కానింగ్ లోనే గోడ ఒకవైపు మందంగా ఉండటం, గోడలో చిన్న చిన్న నీటిబుడగలు కనిపిస్తాయి. అనుమానం మిగిలితే ఎం.ఆర్.ఐ. ఉంది. ఫైబ్రాయిడ్ గడ్డలా, ఇదా అన్న తేడా కూడా వీటిలో తెలుస్తుంది. నలభై అయిదు దాటినవాళ్ళకి లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయడం కూడా అవసరం కావచ్చు.

మా తోడికోడలికి హార్మోను లూప్ వేశారు, ఐరన్ మాత్రలిచ్చారు. ఆరునెలలకి రక్తం 11 కి వచ్చింది. మందులకీ, లూప్ కీ లొంగకపోతే ఆపరేషన్ చేయించుకోవాల్సినవాళ్ళూ ఉంటారు, అదేం తప్పు కాదు. కానీ అది చివరి మెట్టు కావాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్ లో దాదాపు తొమ్మిదిమంది!

అందుకని అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! రక్తస్రావం వారం దాటినా, గంటకో ప్యాడ్ మారుస్తున్నా ఓర్చుకుంటూ కూర్చోకండి. తీసేద్దాం అంటే మూడు మాటలు అడగండి: జబ్బు పేరేంటి? ఏ పరీక్షలో తేలింది? మందుతో తగ్గదా?

కాలెండరు మీద పాలలెక్క రాసుకుంటాం గదా! పక్కనే నెలసరి తేదీ, ఎన్ని రోజులు, రోజుకెన్ని ప్యాడ్లు అని కూడా రాసిపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి లెక్క అదే.