సమాధి పక్కన చోటు

లాసె హాల్‌స్ట్రామ్ తీసిన 'హాచి: ఎ డాగ్స్ టేల్' (2009) ఇంట్లో పిల్లలతో కలిసి చూశాను. చివర్లో అందరం ఏడ్చాం. కళ్ళు తుడుచుకుంటూ మా అక్క కూతురు అడిగింది: "పిన్నీ, ఆవిడ ఇల్లమ్మేసి ఎట్లా వెళ్ళిపోయింది? ఆ కుక్కకున్నంత ప్రేమ కూడా లేదా ఆవిడకి?"

ఆ ప్రశ్న పిల్లది కాదు, సినిమా ఆ పిల్ల నోట్లో పెట్టింది.

కథ చాలామందికి తెలిసిందే. ప్రొఫెసర్ రైలు దిగే వేళకి రోజూ స్టేషన్‌కి వచ్చే కుక్క, ఆయన హఠాత్తుగా చనిపోయాక కూడా ఏళ్ళ తరబడి అక్కడే ఎదురుచూస్తుంది. భార్య కేట్ ఇల్లు అమ్మి వెళ్ళిపోతుంది. పదేళ్ళకి తిరిగొచ్చి, ఇంకా అక్కడే ఉన్న కుక్కని చూసి కుమిలిపోతుంది. అప్పుడుగానీ ప్రేక్షకులు ఆమెని క్షమించరు. ఇంతకీ ఆమె చేసిన నేరం ఏమిటి? భర్త పోయాక కూడా బతకడం.

ఈ కథకి మూలం జపాన్‌లో నిజంగా జరిగింది. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు ఉయెనో హిదెసబురో 1925 మేలో చనిపోయాడు. హాచికో ఆయన దగ్గరున్నది ఏడాదిన్నర కూడా లేదు. సకనో యయెకో అనే స్త్రీ ఆయనతో దాదాపు పదేళ్ళు కాపురం చేసింది. కానీ అది చట్టబద్ధమైన పెళ్ళి కాదు. కాబట్టి వారసత్వం లేదు, ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చింది. కుక్క చేతులు మారి, చివరికి ఆ ఇంటి తోటమాలి దగ్గరకి చేరింది.

1934లో, హాచికో బతికుండగానే, షిబుయా స్టేషన్ దగ్గర విగ్రహం పెట్టారు. బడిపిల్లలకి కృతజ్ఞత నేర్పే నీతిపాఠం అయింది. 1935లో అది చనిపోయాక అయోయమా శ్మశానంలో ఉయెనో సమాధి పక్కనే స్మారకం కట్టారు. యుద్ధకాలంలో లోహం కోసం తీసుకుపోయిన విగ్రహాన్ని 1948లో మళ్ళీ చేయించి నిలబెట్టారు. యయెకో 1961లో చనిపోయింది. ఆయన పక్కనే చోటు కావాలన్న ఆమె కోరిక తీరలేదు. ఆమె అస్థికలు ఆ సమాధిలోకి చేరింది 2016లో. అంటే 55 ఏళ్ళ తర్వాత. కుక్కని మాత్రం పెళ్ళి కాగితం ఎవరూ అడగలేదు!

1987లో వచ్చిన జపాన్ సినిమా 'హాచికో మొనొగతారి' గానీ, ఈ హాలీవుడ్ సినిమా గానీ యయెకోని చూపించవు. రెండింటిలోనూ ప్రొఫెసర్‌కి పెళ్ళాడిన భార్య, ఒక కూతురు ఉంటారు. 'కుటుంబ కథాచిత్రం' కదా! కుటుంబం అనిపించుకోవడానికి అర్హత లేని స్త్రీని ముందే తుడిచేశారు. ఆమె స్థానంలో వచ్చిన భార్యని కుక్క పక్కన నిలబెట్టి తూకం వేశారు.

ఇదేదో వాళ్ళ గొడవ అనుకోనక్కర్లేదు. మహాప్రస్థానంలో ద్రౌపది నేలకొరిగితే ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు. అర్జునుడి మీద పక్షపాతమే ఆమె తప్పని తీర్పు చెప్పి ముందుకు నడిచాడు. వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానని మాత్రం ఇంద్రుడితో వాదించాడు. మనం ఆయన్ని ధర్మమూర్తి అన్నాం.

నాకు కుక్కల మీద కోపం లేదు. హాచికో ఎవరికీ నీతులు చెప్పలేదు. దాని ఎదురుచూపుని నీతిగా మార్చింది మనుషులు. వాటా అడగని, పేరు అడగని, తలదాచుకునే గూడు అడగని ప్రేమ యజమానికి ఎంతో ముద్దు. అందుకే దానికి విగ్రహం. అవే అడిగిన మనిషికి మాత్రం విశ్వాసం లేదంటారు. పోనీ యయెకో ఇంట్లోనే ఎదురుచూద్దామనుకున్నా, కూర్చోడానికి ఆమెకి గుమ్మం ఏదీ?

ఈ సినిమా పిల్లలకి చూపించొద్దని నేననను. చూపించండి, ఏడవనివ్వండి. ఆ తర్వాత టీవీ కట్టేసి యయెకో కథ కూడా చెప్పండి. ఆ రాత్రి నేను చేసింది అదే.